చవక సినిమా, విమర్శకుడి బాకీ

ఇరవై రూపాయలకు కొన్న సినిమాకు ఇరవై రూపాయల విమర్శ చాలునని ఒక మిత్రుడు వాదించాడు. చవకరకం సైన్సు ఫిక్షన్ సినిమాలను కూచుని చూడటమే కాక, వాటిని గురించి పేజీలకు పేజీలు రాసే నా అలవాటును ఉద్దేశించి ఆయన అన్నమాట ఇది. మాటలో చమత్కారం ఉంది. దానితోపాటు ఒక సిద్ధాంతం కూడా ఉంది. ఒక వస్తువుకు మనం ఎంత ధర చెల్లిస్తామో, దానిపట్ల మన బాధ్యత కూడా అంతేనన్నది ఆ సిద్ధాంతం. పైకి ఎవరూ అనకపోయినా, మనలో చాలామంది దీన్ని ఒప్పుకునే బతుకుతున్నాం. కాకా హోటల్లో టీ తెచ్చిపెట్టేవాణ్ణి "ఒరే" అని పిలిచే మనిషి, ఏసీ హోటల్లో అదే టీ తెచ్చిపెట్టేవాడితో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. కనక ఇది సినిమాలతో తీరిపోయే ప్రశ్న కాదు. అయినా సినిమాల దగ్గర మొదలుపెడితే విషయం తేలిగ్గా బోధపడుతుంది.

నేను మాట్లాడుతున్నది ముఖ్యంగా 1950లలోనూ 1960లలోనూ అమెరికాలో కొద్ది డబ్బుతో, కొద్ది రోజుల్లో తీసిన శాస్త్రకల్పన చిత్రాలను గురించి. ఒక్క పెట్టెలో యాభై సినిమాలు పెట్టి అమ్మిన డిస్కుల రూపంలో ఇవి ప్రపంచమంతా తిరిగాయి. హైదరాబాదులో ఆదివారంనాడు ఆబిడ్స్ పేవుమెంటు మీద పరిచే పాతపుస్తకాల మధ్య నాకు కొన్ని దొరికాయి. మిగతావి అక్కడా అక్కడా ఏరుకున్నాను. చూసినవాటి మీద అభిప్రాయాలు రాసి నలుగురు మిత్రులకు చదివి వినిపించటం కొన్నేళ్ళుగా నా అలవాటు.

ఈ సినిమాలు ఇంత చవక ఎందుకయాయో తెలుసుకోవటం అవసరం. బాగాలేక చవక అయాయనుకుంటే పొరపాటు. అమెరికాలో 1964కు ముందు విడుదలయిన చిత్రాలకు కాపీరైటు మొదట 28 ఏళ్ళే. ఆ గడువు ముగిసే ఏడాది దాన్ని తిరగరాయించుకోకపోతే చిత్రం అందరి సొత్తు అయిపోయేది. చిన్న కంపెనీలు అప్పటికి మూతపడి ఉండేవి, లేదా ఆ కాగితాలు దాఖలు చేసే నాథుడు ఉండేవాడు కాదు. ఇంతెందుకు, 1968లో జార్జి రొమెరో సుమారు 1,14,000 డాలర్లతో తీసిన «నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్» సంగతి చూడండి. శుక్రగ్రహం నుంచి తిరిగివచ్చిన యంత్రం మోసుకొచ్చిన రేడియేషను వల్ల శవాలు లేచాయని అందులో ఒక వివరణ వినిపిస్తుంది. విడుదలకు ముందు ఆ చిత్రం పేరు మార్చారు. మార్చేటప్పుడు కాపీరైటు ప్రకటన ఉన్న అక్షరాలు ఎగిరిపోయాయి. అంతటితో హక్కూ ఎగిరిపోయింది. రాత్రంతా శవాలతో పోరాడి బతికిన నల్లజాతి మనిషిని, తెల్లవారగానే, కాపాడటానికి వచ్చిన మూకే కాల్చిచంపే ఆ చిత్రం పేవుమెంటు ధరకు దొరకటానికి కారణం ఒక గుమాస్తా పనిలో జరిగిన లోపం. కనక ధర అనేది చిత్రం యోగ్యతను గురించి మనకేమీ చెప్పదు.

ఇక్కడే మిత్రుడి సిద్ధాంతం మొదటి దెబ్బ తింటుంది. నేనిచ్చిన ఇరవై రూపాయలు ఎవరికి ముట్టాయి? డిస్కు అచ్చువేసినవాడికీ, అమ్మినవాడికీ ముట్టాయి. దర్శకుడికిగాని, కెమెరా పట్టినవాడికిగాని, అట్టముక్కలతో రాకెట్టు కట్టిన వడ్రంగికిగాని ఒక్క పైసా చేరలేదు. అంటే వాళ్ళ శ్రమను నేను అనుభవించాను, మూల్యం మాత్రం చెల్లించలేదు. చట్టం నన్ను తప్పుపట్టదు. కాని చట్టం తప్పుపట్టనంత మాత్రాన బాకీ తీరినట్టు కాదు. ఆ బాకీ తీర్చటానికి నా చేతిలో ఉన్న నాణెం ఒక్కటే: శ్రద్ధగా చూసి, నిజాయితీగా తీర్పు చెప్పటం. అందుచేత ధర తగ్గినకొద్దీ విమర్శకుడి బాధ్యత తగ్గటం లేదు, పెరుగుతున్నది.

ఇలాంటి చిత్రాలను చూసి నవ్వటం ఇప్పుడొక పెద్ద వినోదం. 1980లో అమెరికాలో ఇద్దరు సోదరులు అతి చెత్త సినిమాలకు బిరుదులిస్తూ ఒక పుస్తకం వేశారు. అందులో «ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్» అన్నిటికన్నా హీనమైన చిత్రంగా ఎన్నికయింది. దాన్ని తీసిన ఎడ్ వుడ్ అప్పటికి లేడు. 1978 డిసెంబరులో, అద్దె ఇంట్లోంచి వెళ్ళగొట్టబడిన కొద్దిరోజులకే, చనిపోయాడు. ఆ చిత్రంలో జనం నవ్వే విషయాలు అందరికీ తెలిసినవే. సమాధి రాళ్ళు కదులుతాయి. విమానం నడిపే గదికి తలుపుండవలసినచోట గుడ్డ తెర వేలాడుతుంది. ముఖ్యనటుడు బేలా లుగోసీ 1956లోనే చనిపోగా, మిగిలిన పాత్రను దర్శకుడి భార్యకు వైద్యం చేసే ఆయన మొహానికి అంగీ అడ్డం పెట్టుకుని నటిస్తాడు. నవ్వు రావటం సహజం. నాకూ వస్తుంది. కాని ఈ జాబితాను ఇంకొకసారి చదివి చూడండి. ఇందులో ప్రతి ఒక్కటీ చేతిలో మరికాస్త డబ్బుంటే సరిదిద్దుకోగలిగినది. అంటే మనం నవ్వుతున్నది కళలోని లోపాన్ని చూసి కాదు, జేబులోని చిల్లును చూసి. పెళ్ళికి చిరుగు పంచెతో వచ్చిన బంధువును చూసి నవ్వటానికీ దీనికీ తేడా ఏమిటి?

దీనికి విరుగుడుగా కొందరు జాలి ప్రదర్శిస్తారు. "పాపం, ఉన్నంతలో తీశాడు, అంతకన్నా ఏం చెయ్యగలడు?" అంటారు. వినటానికి ఇది మంచిమాటే. నిజానికి ఇది నవ్వుకు కవల. నవ్వేవాడూ జాలిపడేవాడూ ఇద్దరూ ఆ చిత్రాన్ని చిత్రంగా తీసుకోరు. దర్శకుడు ఏదో చెప్పదలిచాడనీ, చెప్పినదానికి మనం అవుననో కాదనో జవాబివ్వాలనీ ఇద్దరికీ తోచదు. ఎడ్ వుడ్ చిత్రంలో అన్యగ్రహవాసులు భూమికి వచ్చిన కారణం మారణాయుధాల పిచ్చి. మనుషులు అణుబాంబుతో ఆగరనీ, ఒకనాటికి సూర్యకాంతినే పేల్చే బాంబు తయారుచేసి విశ్వాన్ని నాశనం చేస్తారనీ వాళ్ళు హెచ్చరిస్తారు. హైడ్రోజను బాంబుల పరీక్షలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఒక దరిద్రపు దర్శకుడు ఈ మాట అనిపించాడు. అలా అనిపించి, వెంటనే ఆ హెచ్చరించేవాళ్ళను దుర్మార్గులుగా చూపి తగలబెట్టించాడు. ఇది ఆలోచనలో ఉన్న పిరికితనమా, గందరగోళమా? విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఇది. సమాధి రాయి కదిలిందా లేదా అనేది కాదు.

కనక నేను ఒక సూత్రం పెట్టుకున్నాను. డబ్బు లేక చెయ్యలేనిదాన్ని తప్పుగా లెక్కవెయ్యకూడదు. డబ్బు అక్కర్లేనిదాన్ని చెయ్యకపోతే మాత్రం క్షమించకూడదు. మంచి యంత్రానికి, మంచి వేషానికి, మంచి సెట్టుకు డబ్బు కావాలి. పాత్రను మనిషిగా చూడటానికి, కథలో అబద్ధం ఆడకుండా ఉండటానికి, ఆడదాన్ని అలంకారవస్తువుగా వాడుకోకుండా ఉండటానికి డబ్బు అక్కర్లేదు.

ఈ సూత్రాన్ని కొన్ని చిత్రాలకు పెట్టి చూద్దాం. 1953లో ఫిల్ టక్కర్ నాలుగురోజుల్లో, సుమారు 16,000 డాలర్లతో తీసిన «రోబాట్ మాన్‌స్టర్» ఉంది. అందులో భూమిని నాశనం చేసిన రాక్షసుడికి గొరిల్లా వేషం, తలమీద సముద్రంలో దిగేవాళ్ళ డిప్ప. సొంత గొరిల్లా చర్మం ఉన్న నటుడు తక్కువకు దొరికాడు కనక రాక్షసుడు గొరిల్లా అయాడు. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. అయితే ఈ గొరిల్లాకు పైగ్రహం నుంచి ఒక ఆజ్ఞ వస్తుంది. మిగిలిన కొద్దిమంది మనుషులనూ చంపాలి, వాళ్ళలో తాను మనసుపడిన అమ్మాయినీ చంపాలి. చంపక తప్పదు, చంపటం సాధ్యం కాదు, ఈ రెండూ ఎక్కడ కలుస్తాయని ఆ డిప్పలోంచి వాడు తనలో తాను మథనపడతాడు. ఆజ్ఞకూ అంతరాత్మకూ నడుమ నలిగే ఉద్యోగి ప్రశ్న అది. యుద్ధనేరాల విచారణల తరవాత ప్రపంచమంతా వేసుకున్న ప్రశ్న కూడా అదే. టక్కర్ దాన్ని అందుకున్నాడు, కాని నిలబెట్టలేకపోయాడు. కథంతా చివరకు ఒక పిల్లవాడి కల అని తేల్చేసి తప్పుకున్నాడు. కలగా తేల్చటానికి ఎంత ఖర్చో, తేల్చకపోవటానికీ అంతే ఖర్చు. అందుచేత గొరిల్లా తప్పు కాదు, కల తప్పు.

దీనికి ఎదురుగా 1984లో జాన్ సేల్స్ తీసిన «ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్» పెట్టండి. ఖర్చు సుమారు 3,50,000 డాలర్లు. సినిమా లెక్కలో ఇదీ చవకే. కథానాయకుడు వేరే గ్రహం నుంచి పారిపోయివచ్చిన బానిస. మాట రాదు, చర్మం నలుపు, కాళ్ళకు మూడేసి వేళ్ళు. న్యూయార్కులో దిగి హార్లెం చేరతాడు. నల్లదుస్తుల తెల్లవాళ్ళు ఇద్దరు అతన్ని పట్టుకుపోవటానికి వెంటాడతారు. ఒకచోట రైల్లో ఒక కుర్రవాడు పేకముక్కల గారడీ చేసి, చివరకు పెట్టెలో ఉన్న తెల్లవాళ్ళనందరినీ మాయం చేస్తానంటాడు. తరవాతి స్టేషను 59వ వీధి. ఆ పైన బండి తిన్నగా హార్లెం పోతుంది. తెల్లవాళ్ళందరూ అక్కడ దిగిపోతారు. గారడీ అయిపోయింది. దానికి ఖర్చు రైలు టిక్కెట్లే. నగరం మనుషులను రంగునుబట్టి ఎలా విడదీసిందో చూపటానికి ఇంతకన్నా గొప్ప యంత్రం ఏ స్టూడియోలోనైనా ఉందా? ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో దాదాపు మొత్తం కదలని ఫోటోలతోనే 28 నిమిషాల «లా జెటే» తీశాడు. మూడో ప్రపంచయుద్ధం తరవాత పారిస్ నేలమాళిగల్లో ఖైదీ మీద చేసే ప్రయోగాలు అందులో కథ. పేదరికం ఈ ఇద్దరినీ ఆలోచించకుండా ఆపలేకపోయింది.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ ఉంది. ఆలోచన కూడా ఊరికే రాదు, దానికి తీరిక కావాలి, తీరిక డబ్బుతో వచ్చేదేనని అనవచ్చు. నాలుగురోజుల్లో చిత్రం ముగించకపోతే అద్దె కెమెరా వెనక్కిపోయే మనిషికి నీతిప్రశ్నను చివరిదాకా నడిపే వ్యవధి ఎక్కడిది? ఈ వాదంలో నిజం లేకపోలేదు. భౌతిక పరిస్థితులు ఆలోచనను శాసిస్తాయని నమ్మే మనం దీన్ని తోసెయ్యటానికి వీల్లేదు. కాని శాసించటం వేరు, నిర్ణయించెయ్యటం వేరు. తీరిక లేనివాడి ఆలోచన సగంలో ఆగిపోవచ్చు, మొరటుగా ఉండవచ్చు, దాన్ని మన్నించాలి. అయితే తీరిక లేకపోవటం ఎవరినీ బలవంతుడి పక్షాన నిలబడమని బలవంతపెట్టదు. మొరటుతనాన్ని మన్నించటం వేరు, పక్షపాతాన్ని మన్నించటం వేరు. ఈ రెంటినీ విడదీయటంలోనే విమర్శకుడి పని ఉంది. ప్రతిచిత్రం దగ్గరా అది మళ్ళీ కొత్తగా చెయ్యవలసిన పని.

ఇంతవరకూ పేదరికం వల్ల చవకయిన చిత్రాలను గురించి చెప్పాను. చవకతనంలో ఇంకోరకం ఉంది. బాగా తీసిన దాన్ని కొనుక్కుని చవక చెయ్యటం. నా పెట్టెల్లో దొరికిన వాటిలో నన్ను ఎక్కువగా బాధపెట్టినవి ఇవే.

1959లో కీవ్ నగరంలోని డోవ్‌జెంకో స్టూడియోలో మిఖాయిల్ కర్యూకోవ్, అలెగ్జాండర్ కోజిర్ అనేవాళ్ళు «నేబో జోవ్యోత్» అనే చిత్రం తీశారు. ఆకాశం పిలుస్తున్నదని అర్థం. అంగారకగ్రహానికి ముందుగా చేరాలనే పోటీలో అమెరికా నౌక తొందరపడి బయలుదేరి ఆపదలో పడుతుంది. సోవియట్ నౌక తన ప్రయాణం మానుకుని వాళ్ళను కాపాడుతుంది. అమెరికన్ నిర్మాత రోజర్ కోర్మన్ ఇలాంటి సోవియట్ చిత్రాలను కొన్నిటిని తక్కువధరకు కొన్నాడు. పై చిత్రాన్ని విద్యార్థిదశలో ఉన్న ఫ్రాన్సిస్ కొప్పోలా చేతికిచ్చి, 1962లో «బాటిల్ బియాండ్ ది సన్» అని విడుదల చేశాడు. కొత్త చిత్రంలో సోవియట్లూ లేరు, అమెరికన్లూ లేరు. భూమి ఉత్తరార్ధం, దక్షిణార్ధం అని రెండుగా చీలి ఉంటుంది. నడుమ రెండు వికృత జంతువులు కొట్టుకుంటాయి. నటుల పేర్లు తీసేసి ఎక్కడా లేని అమెరికన్ పేర్లు వేశారు.

1962లో లెనిన్‌గ్రాడులో పావెల్ క్లుషాంత్సెవ్ తీసిన «ప్లానెతా బుర్», అంటే తుఫానుల గ్రహం, గతి ఇంకా హీనం. ఒకే చిత్రంలోంచి రెండు చిత్రాలు తీశారు. 1965లో ఒకటి, 1968లో మరొకటి. రెండోదానికి పీటర్ బొగ్డనోవిచ్ మారుపేరుతో దర్శకుడు. అసలు చిత్రంలో శుక్రగ్రహం మీద నాగరికజీవులున్నారా అనే ప్రశ్న చివరిదాకా వెంటాడుతుంది. ఇక కదలక తప్పని క్షణంలో మనిషిమొహం చెక్కిన రాయి దొరుకుతుంది. నౌక లేచిపోయాక నీళ్ళలో ఒక స్త్రీ నీడ కదులుతుంది. అంతే. 1968నాటి చిత్రంలో ఆ నీడకు బదులు సముద్రపు చిప్పలతో రొమ్ములు కప్పుకున్న ఆడవాళ్ళు సముద్రం ఒడ్డున పడుకుని ఉంటారు. వాళ్ళకు ఒక ఎగిరే జంతువు దేవుడు. మనుషులు దాన్ని చంపేశాక, లావాలో కాలిన మరమనిషిని దేవుణ్ణి చేసుకుంటారు. ఒక ప్రశ్నను కొని, దానిచోట ఒక బొమ్మను పెట్టారు. చెకోస్లోవాకియాలో 1963లో వచ్చిన «ఇకారియే ఎక్స్‌బి-1»కూ ఇదే జరిగింది. దర్శకుడు యిందర్జిఖ్ పోలాక్ అమెరికా ప్రతిలో జాక్ పొలాక్ అయాడు. భూమి నుంచి వెళ్ళినవాళ్ళు పరలోకాన్ని చేరే కథ, ముగింపు మార్చటంతో, పరలోకంవాళ్ళు న్యూయార్కు చేరే కథ అయింది.

అసలు చిత్రాలన్నీ నిర్దుష్టమైనవని నా వాదం కాదు. నా సూత్రం వాటికీ వర్తిస్తుంది. క్లుషాంత్సెవ్ చిత్రంలో మగవాళ్ళందరూ గ్రహంమీద నడుస్తూ ఉంటే, మాషా అనే ఒక్క స్త్రీ నౌకలో ఒంటరిగా చుట్టూ తిరుగుతూ ఎదురుచూస్తూ ఉంటుంది. దానికి డబ్బులేమి కారణం కాదు. మనకు నచ్చే దేశం నుంచి వచ్చిందని దాన్ని మన్నిస్తే మన విమర్శకు విలువ ఉండదు. అలాగే కొప్పోలానూ బొగ్డనోవిచ్‌నూ మాత్రమే నిందించి లాభం లేదు. అప్పటికి వాళ్ళూ కూలికి కుదిరినవాళ్ళే. ఒకరి శ్రమను ఇంకొకరి శ్రమతో చెరిపించి, ఇద్దరికీ మారుపేర్లు తగిలించిన పద్ధతి ఉందే, అది తప్పు. ఈ విషయంలో విమర్శకుడు చెయ్యగలిగింది చిన్నదే అయినా ముఖ్యమైనది. చెరిపేసిన పేర్లను తిరిగి రాయాలి. నేను ఈ చిత్రాలను గురించి రాసినప్పుడల్లా ముందుగా కర్యూకోవ్, కోజిర్, క్లుషాంత్సెవ్, పోలాక్ అని రాసి, ఆ తరవాతే మిగతాది మొదలుపెడతాను. ఇది వాళ్ళకు చేరే కూలి కాదని తెలుసు. దొంగలెక్కను సరిదిద్దటం మాత్రం అవుతుంది.

ఈ చర్చ మనకు దూరం కాదు. మన బి. విఠలాచార్య కొద్ది ఖర్చుతో జానపద చిత్రాలు తీశాడు. 1978లో వచ్చిన «జగన్మోహిని»లో దయ్యం పొయ్యిలో కట్టెలకు బదులు కాళ్ళు పెట్టి వంట చేస్తుంది. చదువుకున్నవాళ్ళు మొహం చిట్లించారు. టూరింగు టాకీసుల్లో నేలమీద కూచున్న జనం మాత్రం ఆనందించారు. ఆ కాళ్ళపొయ్యి కల్పనకు పెట్టుబడి ఏముంది? కల్పన మెచ్చుకోదగినదే. ఆ చిత్రాల్లో స్త్రీని మోహినిగానో పతివ్రతగానో తప్ప చూడకపోవటం మెచ్చుకోదగినది కాదు. మనవాళ్ళు మొహం చిట్లించింది మొదటిదాన్ని చూసి. రెండోదాన్ని గమనించినవాళ్ళు బహు తక్కువ. నవ్వు చేసే అసలు అపకారం ఇది. అది మన చూపును అట్టముక్కల మీదికి తిప్పి, అబద్ధాలను దాటిపోనిస్తుంది.

ఇంకొక అపకారం కూడా ఉంది. శాస్త్రకల్పన భవిష్యత్తును ఊహించే కళ. 2024లో తెలుగులో వచ్చిన «కల్కి 2898 ఏడీ» వంటి చిత్రాలకు వందలకోట్లు ఖర్చవుతున్నాయి. ఖర్చు చెయ్యటం నేరం కాదు. కాని వందలకోట్లు ఉంటేనే రేపటిని గురించి మాట్లాడాలని జనం నమ్మితే, రేపు ఎలా ఉండాలో డబ్బున్నవాళ్ళే చెబుతారు. మనం టిక్కెట్టు కొని వింటాం. 2004లో షేన్ కరూత్ సుమారు 7,000 డాలర్లతో «ప్రైమర్» అనే కాలయంత్రం కథ తీశాడు. అనంతపురంలోనో ఆదిలాబాదులోనో ఉన్న ఒక అమ్మాయి చేతిలో ఫోను కెమెరా ఉంది. ఆమె ఊరి చెరువు 50 ఏళ్ళ తరవాత ఎలా ఉంటుందో ఆమె ఊహించగలదు. అట్టముక్కల రాకెట్టు చూసి మనం ఎలా నవ్వామో ఆమె విన్నది. అందుకని ఆమె తీయకుండా ఊరుకుంటే, ఆ నష్టంలో మన నవ్వుకు వాటా ఉంది. ఆమె తీసినదాంట్లో కులాన్ని గురించిన అబద్ధం ఉండీ, మనం జాలిపడి దాన్ని ఎత్తిచూపకపోతే, ఆ నష్టంలో మన జాలికీ వాటా ఉంది.

మిత్రుడి మాటకు నా జవాబు ఇది. ఇరవై రూపాయలు డిస్కుకు ఖరీదు. విమర్శకు ఖరీదు కాదు. ఖరీదైన చిత్రాన్ని తీసినవాడు తన కూలి ముందే తీసుకుని వెళ్ళిపోయాడు, అతను మన మాటకోసం ఎదురుచూడడు. చవక చిత్రం తీసినవాడికి మన దగ్గర రావలసినది ఒక్క నిజమైన మాట. అది పొగడ్త కావచ్చు, తిట్టు కావచ్చు. అతను లేకపోయినా, అతని తరవాత తీయబోయేవాళ్ళు ఉన్నారు. బాకీ వాళ్ళకు చెల్లించాలి.